తప్పు రంగు, ఒప్పు జవాబు

ఆ శుక్రవారం నెయ్దా చుకిమియా ఎప్పటికంటే ముందే ల్యాబుకి చేరింది. పైనున్న ఎల్ ఆల్తో నుంచి కేబుల్ కారులో కిందికి దిగుతున్నంతసేపూ అద్దాల మీద వడగళ్లు టపటపా కొడుతూనే ఉన్నాయి. లా పాజ్‌లో ఫిబ్రవరి అంటే వానల వేసవి, ఇంతే. పొద్దున ఎండ, మధ్యాహ్నం వాన, ఆ వరస కూడా పాటించే ఓపిక లేని రోజున పొద్దున్నే వడగళ్లు. తడిసిన జడ పిండుకుంటూ మూడో అంతస్తు ఎక్కేసరికి ఆర్గానిక్ ల్యాబు తలుపు బార్లా తీసి ఉంది. లోపల్నించి పూల వాసన, దాని వెనకాలే చెరుకు సారా ఘాటు.

స్టోరు చూసుకునే పెద్దావిడ, అందరూ మర్యాదగా దొన్యా అని పిలిచే ఫోర్తునాతా బల్లల మధ్య తిరుగుతోంది. కుచ్చెళ్ల పావడా మీద తెల్లకోటు, ఒక చేతిలో సారా సీసా, ఇంకో చేతిలో ఎర్ర కార్నేషన్ పువ్వు. పువ్వుని సీసాలో ముంచడం, బల్ల నాలుగు మూలలా చల్లడం, తన ఐమారా భాషలో రెండు మాటలు గొణగడం, పైన గుప్పెడు రంగు కాగితపు ముక్కలు జల్లడం. కార్నివాల్‌కి ముందు శుక్రవారం ఊళ్లో ప్రతి ఆఫీసులోనూ, ప్రతి కొట్లోనూ ఈ చాల్యా, అంటే సారా చల్లి దీవించడం, జరగాల్సిందే. చాల్యా చేయని యంత్రం ఏడాదంతా మొరాయిస్తుందని పెద్ద పెద్ద ఆఫీసర్లు కూడా నమ్ముతారు, పైకి మాత్రం నవ్వేస్తారు.

ఈ ల్యాబులో మాత్రం దానికి అనుమతి లేదు. నిరుడు ఎవరో విసిరిన కాగితపు రిబ్బను వెలుగుతున్న బర్నరు మీద పడి ఒక కుర్రాడి కనుబొమలు కాలిపోయాయి. అప్పుడే ల్యాబు పెద్ద, ప్రొఫెసర్ ఉర్కీది మేడం, తలుపు మీద నోటీసు అంటించింది, లోపల సారా గానీ పూలు గానీ కాగితాలు గానీ కనబడకూడదని. ఆ నోటీసు మీద కూడా ఇప్పుడు నాలుగు రంగు ముక్కలు అతుక్కుని ఉన్నాయి.

"దొన్యా, మేడం చూస్తే ఇంకేమైనా ఉందా?" అంది నెయ్దా గుమ్మంలోంచే.

"మేడం మీటింగుకని తారిహా వెళ్లింది. ఇంకెవరు చెప్తారే, నువ్వు చెప్తావా?"

"నేనెందుకు చెప్తాను!"

"మరింకేం. లోపలికి రా, గుమ్మంలో నిలబడకూడదు."

కిటికీ పక్కన మెల్టింగ్ పాయింట్ చూసే యంత్రం ఉంది. దానికి మాత్రం ఫోర్తునాతా పువ్వుతో చల్లి ఊరుకోలేదు, చుట్టూ నేల మీద ధారగా పోసింది. "దీనికి గట్టిగా పొయ్యాలి. నెలంతా అందర్నీ ఏడిపించుకు తింది," అంటూ ఐమారాలో దానికి కాస్త చీవాట్లు, కాస్త బుజ్జగింపూ కలిపి చెప్పింది. తర్వాత నెయ్దా బల్ల దగ్గరికి వచ్చింది. ముందురోజు సాయంత్రం నెయ్దా కడిగి, ఆరబెట్టి, స్టాండులో వరసగా నిలబెట్టిపోయిన టెస్ట్ ట్యూబులు అక్కడే ఉన్నాయి.

"అందరూ మురికి గాజంతా నా మొహాన పడేసి పోతారు. నువ్వొక్కదానివే కడిగి ఇస్తావు. నీ గొట్టాలకి నా తరఫున ఓ చుక్క," అని పువ్వుని మళ్లీ ముంచి స్టాండు మీద ఇటూ అటూ విదిలించింది. "పచమామా, భూమితల్లీ, ఈ పిల్ల చేతిలో ఏదీ పగలనివ్వకు, ఏదీ చెడనివ్వకు."

నెయ్దాకి కడుపు నిండినట్టయింది. ఈ ల్యాబులో ఆమె కోసం ఇంతవరకు ఎవరూ ఏమీ కోరుకోలేదు. "థాంక్స్ దొన్యా," అంది, చెమ్మగిల్లిన కళ్లు కనబడకుండా చీపురు తీసుకుని నేల మీది కాగితపు ముక్కలు ఊడ్చింది.

క్లాసు మొదలయ్యేసరికి ల్యాబు ఏమీ ఎరగనట్టుంది. వేసవి కోర్సు ఆఖరికొచ్చింది, అందరి చేతుల్లోనూ చివరి అన్‌నోన్. అంటే నంబరు తప్ప పేరు లేని ఓ చిన్న సీసా. లోపల ఏముందో ఇచ్చినవాళ్లకి తెలుసు, పుచ్చుకున్నవాళ్లు కనుక్కోవాలి. వాసన చూసి, మరిగించి, రకరకాల మందులు కలిపి, స్ఫటికాలు కట్టించి, చివరికి దాని పేరు రిపోర్టులో రాయాలి. దీనికి నలభై మార్కులు. ఇది పోతే నెయ్దా పాసవదు. పాసవకపోతే మార్చిలో ఒక నీటి పరీక్షల ల్యాబులో ఇస్తామన్న పని కూడా పోతుంది. పాసైన కాగితం పట్టుకుని రమ్మని వాళ్లు ముందే చెప్పారు.

ఆమె సీసాలో ద్రవం చూడ్డానికి నీళ్లలా ఉంది, వాసన గోళ్లరంగు తుడిచే మందులా ఉంది. తొంభైకి కాస్త కిందే మరిగింది. ఈ ఎత్తులో నీళ్లే ఎనభై ఎనిమిదికి మరిగిపోతాయి, దుంపలు ఉడికేలోగా ఆకలి చచ్చిపోయే ఇంట్లో పెరిగిన పిల్లకి ఆ సంగతి పుస్తకం చెప్పక్కర్లేదు. సముద్రమట్టం లెక్కకి సవరిస్తే నూట రెండు వచ్చింది. వెండి అద్దం పరీక్షలో అద్దం కట్టలేదు. వేరే మందుతో నారింజ రంగు స్ఫటికాలు మాత్రం దండిగా దిగాయి. కాబట్టి అది కీటోన్. ఆ వేడికి మరిగేవి పుస్తకంలో రెండు కనిపించాయి, టూ-పెంటనోన్, త్రీ-పెంటనోన్. కవలపిల్లల్లాంటివి. ఒకే బరువు, ఇంచుమించు ఒకే వాసన. అయోడోఫామ్ పరీక్ష చేస్తే టూకి పసుపు మడ్డి దిగుతుంది, త్రీకి దిగదు.

పక్క బల్ల మీద వ్లాదిమిర్ తల పట్టుకుని కూర్చున్నాడు. సాంతా క్రూజ్ వాడు, అక్కడి ఉక్కపోతలో పుట్టి పెరిగిన మనిషి, ల్యాబులో కూడా మఫ్లరు తీయడు.

"నా సీసాలో ఉన్నది దేవుడు నిన్ననే కనిపెట్టాడు. ఏ పుస్తకంలోనూ లేదు," అన్నాడు.

"సవరణ వేశావా?"

"ఏం సవరణ?"

"ఎత్తు సవరణ. నువ్వున్నది మీ ఊళ్లో కాదు బాబూ."

వ్లాదిమిర్ నెత్తిన కొట్టుకున్నాడు. "ఛీ, మీ ఊళ్లో నీళ్లకి కూడా ఓపిక లేదు!"

నెయ్దా నవ్వుతూనే స్టాండులోంచి ఒక ట్యూబు తీసింది. నాలుగు చుక్కలు తన ద్రవం, కాస్త క్షారం, పైనుంచి గోధుమరంగు అయోడిన్ ద్రావణం బొట్టు బొట్టుగా. రంగు వచ్చి పోతోంది. ట్యూబుని గోరువెచ్చటి నీళ్లలో పెట్టి కదిలించింది. కాసేపటికి లోపల మబ్బులా కమ్మింది, మబ్బు చిక్కబడి పసుపు రంగు పొడి అడుక్కి దిగింది. ఆసుపత్రి వరండాలో వచ్చే వాసన.

అప్పుడే అసిస్టెంట్ రామిరో అటు వచ్చాడు. చివరి సంవత్సరం కుర్రాడే అయినా ఇస్త్రీ మడత చెడని కోటూ, జేబులో మూడు రంగుల పెన్నులూ చూస్తే ప్రొఫెసరే అనుకుంటారు. రిపోర్టులు దిద్దేది అతనే. ట్యూబు తీసుకుని వెలుతురుకి పట్టి చూశాడు.

"పసుపు. రాసుకో," అన్నాడు.

రాసుకుంది. టూ-పెంటనోన్ అని లోపల్లోపల ఖాయం చేసేసుకుంది కూడా.

*

కార్నివాల్ సెలవులు నీళ్ల బెలూన్లతోనూ, నురుగు డబ్బాలతోనూ, అమ్మ వండిన మాంసం పులుసుతోనూ గడిచిపోయాయి. గురువారం మళ్లీ ల్యాబు తెరిచేసరికి ఊరంతా నిద్రమొహంతో ఉంది. నెయ్దాకి మిగిలింది ఒక్క పని. తన నారింజ రంగు స్ఫటికాలు ఎంత వేడికి కరుగుతాయో చూడాలి. టూ-పెంటనోన్ నుంచి వచ్చినవైతే నూట నలభై నాలుగు దగ్గర కరగాలి. చూసి, రాసి, సాయంత్రం రిపోర్టు ఇచ్చేస్తే అయిపోతుంది.

ఆరిన స్ఫటికాలని ఇటుకపొడిలా నలిపి, సన్నటి గాజు గొట్టంలోకి ఎక్కించి, గొట్టాన్ని బల్ల మీద చిన్నగా కొట్టి పొడి అడుక్కి దింపింది. యంత్రంలో పెట్టి కటకానికి కన్ను ఆనించింది. నెలంతా ఇష్టమొచ్చినట్టు గంతులేసిన యంత్రం ఇవాళ పెద్దమనిషిలా మెల్లగా వేడెక్కుతోంది.

నూట నలభై. నలభై రెండు. నలభై నాలుగు. గింజలు కదల్లేదు. నలభై ఎనిమిది. మెడ నొప్పెట్టినా కన్ను తీయలేదు. నూట యాభై కూడా దాటిపోయింది. యాభై ఐదు దగ్గర గింజల అంచులు చెమర్చాయి, యాభై ఆరుకి అంతా కలిసి ఒక ఎర్ర చుక్కయిపోయింది.

రెండో గొట్టం నింపింది, అదే అంకె. యంత్రం మళ్లీ పాత బుద్ధి చూపిస్తోందేమోనని స్టోరు కిటికీ దగ్గరికెళ్లి బెంజాయిక్ ఆమ్లం అడిగి తెచ్చింది. అది కరగాల్సిన నూట ఇరవై రెండుకే బుద్ధిగా కరిగింది. యంత్రం నిజమే చెబుతోంది.

నూట యాభై ఆరు అంటే త్రీ-పెంటనోన్. కానీ త్రీ అయితే పసుపు దిగకూడదు, దిగడం తను కళ్లారా చూసింది, రామిరో కూడా చూశాడు. పరీక్ష మళ్లీ చేద్దామంటే సీసాలో చుక్క మిగల్లేదు, మరిగించడానికీ స్ఫటికాలకీ ఊడ్చిపెట్టేసింది.

నెయ్దా స్టూలు మీద కూర్చుని చాలాసేపు ఆలోచించింది. ఏ పదార్థంలోనైనా మలినం కలిస్తే అది ముందుగా కరుగుతుంది. ఆలస్యంగా కరగడమన్నది ఉండదు. తన స్ఫటికాల్లో మురికి ఉంటే నూట నలభైకో, ముప్పై ఐదుకో కరిగి ఉండేవి, టూకి ఉండాల్సిన దానికంటే పైకి పోయే దారే లేదు. పసుపుకి ఇంకేదో కారణం ఉండొచ్చు. ఈ అంకెకి మాత్రం ఒక్కటే కారణం.

"అయితే త్రీ అనే రాస్తావా?" వ్లాదిమిర్ గొంతు తగ్గించి అడిగాడు.

"త్రీ అనే రాస్తాను."

"రాస్తే రాశావు గానీ ఆ పసుపు తీసెయ్యి తల్లీ. 'మడ్డి దిగలేదు' అని ఒక్క ముక్క మార్చు. అంతా అతికినట్టు సరిపోతుంది."

"దిగింది కదా."

"దిగితే? ట్యూబు వచ్చి సాక్ష్యం చెబుతుందా?"

"చూసింది చూడలేదని ఎలా రాయమంటావు?"

వ్లాదిమిర్ మఫ్లరు సర్దుకుని, ఈమెతో పెట్టుకోలేను అన్నట్టు చేతులెత్తేశాడు. నెయ్దా రిపోర్టులో పసుపు మడ్డి దిగిందని ఉన్నది ఉన్నట్టు రాసింది. దాని కింద 'కారణం తెలియదు' అని చేర్చింది. చివర్లో పెద్ద అక్షరాలతో త్రీ-పెంటనోన్ అని రాసి ఇచ్చేసింది.

*

మర్నాడు రామిరో ఆమెని బల్ల దగ్గరికి పిలిచాడు. రిపోర్టు మీద ఎర్ర పెన్నుతో పెద్ద సున్నా.

"తప్పా సార్?" అంది నెయ్దా.

"ఒప్పే. అదే నా అనుమానం," అన్నాడు రామిరో. "నీ సీసాలో ఉన్నది త్రీ-పెంటనోనే. కానీ నీకు పసుపు వచ్చింది, నేనే చూశాను. పసుపు వచ్చినవాళ్లు ఎవరైనా టూ అని రాస్తారు. నువ్వు త్రీ అని ఎలా రాశావు?"

"మెల్టింగ్ పాయింట్ సార్. యాభై ఆరు. రెండుసార్లు చూశాను."

"ఆ యంత్రం నెలంతా తప్పులే చూపించింది. ఈ ఒక్కసారి దాన్ని నమ్మి, కళ్లతో చూసిన పరీక్షని పక్కన పెట్టేశావా? నమ్మమంటావా?" అతను చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "పోయిన సెమిస్టర్‌లో ఈ సీసా నంబర్ల జవాబులు బయటికి పొక్కాయి. అవి ఉన్న బీరువా తాళం దొన్యా ఫోర్తునాతా దగ్గర ఉంటుంది. నువ్వూ ఆవిడా ఆ కిటికీ దగ్గర రోజూ ఏం గుసగుసలాడుకుంటారు? అదీ మాకెవ్వరికీ అర్థం కాకుండా ఐమారాలో."

నెయ్దాకి చెవులు వేడెక్కాయి. "ఆవిడ మనవరాలికి పళ్లు వస్తున్నాయి సార్. దాని గురించే మాట్లాడుకుంటాం."

"అదంతా మేడంకి చెప్పుకో. మధ్యాహ్నం వస్తారు. కమిటీకి పంపాలో వద్దో ఆవిడే తేలుస్తారు. ఈ రెండిట్లో ఒకటి అబద్ధం, నీ పసుపైనా, నీ జవాబైనా."

నెయ్దా తన బల్ల దగ్గరికి వచ్చి నిలబడింది. తప్పు రాసి ఉంటే సగం మార్కులైనా వచ్చేవి. పసుపు లేదని అబద్ధం రాసినా నలభైకి నలభై పడేవి. నిజం రాసినందుకు దొంగ అయింది, తనతో పాటు ఇంకో పెద్దావిడని కూడా దొంగని చేసింది. ఏడుపు ఆపుకోవడానికి ట్యూబులు లెక్కపెడుతున్నట్టు స్టాండుని దగ్గరికి లాక్కుంది. ఒక ట్యూబు లోపల, గాజుకి అతుక్కుని, గులాబీరంగు కాగితపు ముక్క.

దాన్ని చూస్తూ అలాగే ఉండిపోయింది. పువ్వు, విదిలించిన చెయ్యి, నోళ్లు తెరుచుకుని నిలబడిన ట్యూబులు. చెరుకు సారా అంటే ఇథైల్ ఆల్కహాలు. ఇథైల్ ఆల్కహాలుకి అయోడోఫామ్ పరీక్షలో శుభ్రంగా పసుపు దిగుతుంది. మొదటి సంవత్సరం పిల్లలకి కూడా తెలిసిన సంగతి. కానీ తన కళ్లముందే పడ్డ ఆ చుక్కల్ని తను సారా అనుకోలేదు. పుట్టినప్పటి నుంచీ అమ్మ కుట్టుమిషను మీద, మామయ్య మినీబస్సు చక్రాల మీద పడుతూ వచ్చిన చుక్కలవి. దీవెన కూడా రసాయనమేనని ఎవరికి తోస్తుంది?

కారణం దొరికింది, గుండె మాత్రం ఇంకా బరువెక్కింది. ఈ సంగతి చెబితే ఫోర్తునాతా దొంగ కాకుండా పోతుంది గానీ నోటీసు ధిక్కరించిన మనిషవుతుంది. ఆవిడకి పెన్షన్ ఇంక నాలుగడుగుల దూరంలో ఉంది.

*

స్టోరు కిటికీ వెనక ఫోర్తునాతా ఫ్లాస్కులకి కాగితం చుడుతోంది. నెయ్దా చెప్పిందంతా ఐమారాలోనే వింది. చేతులు ఆగలేదు.

"నన్ను దొంగ అన్నాడా?"

"అన్నంత పని చేశాడు."

"ఆ రామిరోయేనా?" అని మళ్లీ అడిగింది, ఆ పేరు దగ్గరే ఏదో అర్థం కానట్టు.

"ఆయనే. దొన్యా, మీరు వద్దంటే నేను చాల్యా మాట ఎత్తను. తెలీదు అనే అంటాను."

ఫోర్తునాతా చుట్టడం ఆపింది. "ఎందుకెత్తవు? నేనేమైనా పాపం చేశానా? తల్లికిచ్చింది దాచుకోను నేను. చెప్పు. నేనూ వచ్చి చెప్తాను." మళ్లీ ఫ్లాస్కు చేతిలోకి తీసుకుని, "సీసా ఎక్కడిదని అడిగితే మాత్రం నువ్వు మాట్లాడకు," అంది.

"మీది కాదా?"

"మాట్లాడకన్నానుగా. మాటిచ్చాను, అంతే. నీ మొహం చూడు ఎలా వాడిపోయిందో. పొద్దున్నించీ ఏం తిన్లేదు కదూ?" అని శాలువా కొంగులో మూటకట్టుకున్న వేయించిన బఠాణీలు కిటికీలోంచి చేతిలో పోసింది. నెయ్దా అక్కడే నిలబడి తింది. తనని ఇబ్బందిలోకి నెట్టిన ఆ చెయ్యి మీద ఎంత వెతికినా కోపం దొరకలేదు.

*

ప్రొఫెసర్ ఉర్కీది తారిహా నుంచి నేరుగా ల్యాబుకే వచ్చింది, సూట్‌కేసు ఇంకా ఇంటికి పంపనైనా లేదు. పొట్టి మనిషి, అరవై దగ్గరపడ్డ వయసు, కళ్లద్దాలు ఎప్పుడూ నుదుటి మీదే ఉంటాయి. రామిరో చెప్పింది వింది. రిపోర్టు చదివింది. 'కారణం తెలియదు' అన్న చోట వేలు పెట్టి తలెత్తింది.

"ఇప్పుడు తెలుసా?"

"తెలుసనుకుంటున్నాను మేడం. పోయిన శుక్రవారం నా ట్యూబుల్లో ఆల్కహాలు పడింది."

"ఎలా?"

నెయ్దా నోరు తెరిచేలోగా తలుపు దగ్గర నిలబడ్డ ఫోర్తునాతా ముందుకొచ్చింది. "నేను చల్లాను మేడం. ల్యాబంతా చాల్యా చేశాను. ఈ పిల్ల గొట్టాల మీద కాస్త ఎక్కువ చల్లాను. మంచి పిల్లని."

ప్రొఫెసర్ కళ్లద్దాలు కిందికి దించుకుంది.

"ముందు ఈ పిల్ల సంగతి తేలుద్దాం," అని లేచి, బీరువా తెరిచి, అదే నంబరున్న పెద్ద సీసా తీసి బల్ల మీద పెట్టింది. "నా ఎదురుగా చెయ్యి. రెండు ట్యూబుల్లో."

నెయ్దా రెండు ట్యూబులు కడిగింది, శుద్ధజలంతో తొలిచింది, ఓవెన్‌లో పెట్టింది. అవి ఆరేదాకా నలుగురూ అలా నిలబడే ఉన్నారు. బయట వాన మొదలైంది. తర్వాత రెండిట్లోనూ పెద్ద సీసాలోని ద్రవం చుక్కలు వేసింది. ఒకదాన్ని అలాగే వదిలేసి, రెండోదానిలో మాత్రం ఒక్క బొట్టు ఆల్కహాలు కలిపింది. క్షారం, అయోడిన్, గోరువెచ్చటి నీళ్లు. మోచెయ్యి బల్లకి ఆనించి ఒక్కో బొట్టూ లెక్కపెట్టింది.

మొదటి ట్యూబు తేటగానే ఉంది. రెండోదాంట్లో పసుపు మబ్బు కమ్మి మెల్లగా అడుక్కి దిగింది.

ప్రొఫెసర్ రెంటినీ పక్కపక్కన పట్టుకుని రామిరోకి చూపించింది. తర్వాత ఫోర్తునాతా వైపు తిరిగింది.

"దొన్యా, నోటీసు ఎందుకు పెట్టానో మీకు తెలుసు. ఆ కుర్రాడి మొహం మీద తడిగుడ్డ వేసింది మీరే. ఇంతకీ ఆ సారా ఎక్కడిది? స్టోరులో ఆల్కహాలైతే నేను కాగితం మీద రాయక తప్పదు."

"స్టోరుది కాదు మేడం."

"మరి మీరు కొన్నారా?"

ఫోర్తునాతా పావడా కుచ్చెళ్లు సవరించుకుంది. "స్టోరుది కాదు. అంతవరకే చెప్తాను. మీ ఇష్టం, రాసుకోండి."

నెయ్దా తల దించుకునే ఉంది. కానీ పక్కన ఇస్త్రీ కోటు కదలడం వినబడి చూడకుండా ఉండలేకపోయింది. రామిరో చెవులు కందిపోయి ఉన్నాయి. జేబులోంచి పెన్ను తీశాడు, మూత తిప్పాడు, మళ్లీ పెట్టాడు.

"నేను తెచ్చాను మేడం," అన్నాడు.

ప్రొఫెసర్ వినబడనట్టు చూసింది.

"సీసా నేనే తెచ్చాను. ఆ మెల్టింగ్ పాయింట్ యంత్రం నెలంతా సతాయించింది. నా థీసిస్ అంకెలన్నీ దాని మీదే ఆధారపడి ఉన్నాయి. దొన్యాని నేనే బతిమాలాను, ఒక్కసారి చాల్యా చేసిపెట్టమని. ఆవిడ నోటీసు ఉంది కదా అంది కూడా. నాకు... నాకు ఐమారా రాదు మేడం. ఆ మాటలు చెప్పేవాళ్లు కావాలి. ఎవరికీ చెప్పొద్దని మాట తీసుకున్నాను."

ఆఖరి మాటలు అంటున్నప్పుడు అతను ప్రొఫెసర్ వైపు చూడలేదు, ఫోర్తునాతా వైపు చూశాడు. ఆవిడ మాత్రం ఏమీ జరగనట్టు, "బాబుది తప్పేం లేదు మేడం. కంగారులో ఉన్నాడు పాపం, రోజూ ఆ యంత్రం ముందు కూర్చుని జుట్టు పీక్కునేవాడు," అంది.

"యంత్రం బాగైందా?" అడిగింది ప్రొఫెసర్.

"బాగైంది మేడం."

"చాల్యా ఒక్కటే చేశావా, ఇంకేమైనా చేశావా?"

"ముందురోజు లోపల వదులైన తీగ కూడా బిగించాను."

"దేనివల్ల బాగైంది?"

"తెలీదు మేడం."

"రెండూ ఒకేసారి చేస్తే తెలిసి చావదు. ఒకటి మార్చి ఒకటి చూడాలని మొదటి సంవత్సరంలో చెప్పాను." ఆవిడ పెదాలు బిగపట్టింది గానీ నవ్వు ఆగలేదు. అది చూసి ఫోర్తునాతా నోటికి శాలువా కొంగు అడ్డం పెట్టుకుంది. "దొన్యా, వచ్చే ఏడాది గ్యాసు కట్టేసి, గాజంతా బీరువాలో పెట్టి తాళం వేసి, నేనుండగా చెయ్యండి. దొంగతనంగా కాదు."

"వచ్చే ఏడాదికి నేనుండను మేడం. ఇంటికెళ్లిపోతాను."

"పిలిస్తే రారా?"

"పిలిస్తే రాకేం?" అంది ఫోర్తునాతా.

ప్రొఫెసర్ రిపోర్టు తీసి రామిరో చేతికిచ్చింది. "నువ్వే సున్నా వేశావు, నువ్వే దిద్దు. ఎంత వేస్తావో నీ ఇష్టం, నేను చూడను." సూట్‌కేసు లాక్కుంటూ వెళ్లిపోయింది.

ల్యాబులో వాన చప్పుడు మిగిలింది. రామిరో కిటికీ దగ్గర స్టూలు లాక్కుని కూర్చుని రిపోర్టు మొదటి పేజీ నుంచి చదివాడు. మరుగు, సవరణ, వెండి అద్దం, స్ఫటికాలు, బెంజాయిక్ ఆమ్లంతో యంత్రాన్ని సరిచూసిన పేరా. ఆ పేరా రెండుసార్లు చదివాడు. ఆ యంత్రాన్ని అలా సరిచూడాలని తనకే తోచలేదు.

"క్షమించు," అన్నాడు కాగితం మీంచి తల ఎత్తకుండానే. ఆ తర్వాత లేచి తలుపు దగ్గరికెళ్లి, ఫోర్తునాతాతో కూడా అదే మాట అన్నాడు, ఈసారి మొహం చూసి. ఆవిడ అతని చెయ్యి పట్టుకుని తట్టి వదిలేసింది.

రిపోర్టు తిరిగి వచ్చేసరికి సున్నా కొట్టేసి ముప్పై ఐదు వేసి ఉంది. తలుపు వెనక నుంచి అంతా విన్న వ్లాదిమిర్ మఫ్లరు ఊపుకుంటూ లోపలికొచ్చి కాగితం లాక్కున్నాడు.

"ముప్పై ఐదేంటి! ఇంత జరిగాక కూడా ఐదు కోసేశాడా? నడు, అడుగుదాం. నలభై ఇవ్వాల్సిందే."

నెయ్దా కాగితం వెనక్కి తీసుకుంది. పసుపు మడ్డి అని రాసిన చోట, పక్కనే ఎర్ర పెన్నుతో ఒక్క వాక్యం ఉంది. 'వాడేముందు ట్యూబు మళ్లీ కడిగి ఆరబెట్టలేదు.' చక్కటి అక్షరాలు, కొట్టివేతలు లేవు. పొద్దున్నించీ తను చేయని తప్పు తలమీద మోసింది. ఈ ఐదు మార్కుల తప్పు మాత్రం తను చేసినదే. ట్యూబులో చుక్క పడటం చూస్తూ మురిసిపోయిన మనిషి తనే, కడగకుండా వాడిన మనిషీ తనే. రామిరో ఆమెని దొంగగా చూడలేదిప్పుడు, జాలిపడి వదిలేయనూ లేదు. పనిలో పొరపాటు చేసిన ఒక కెమిస్టుని దిద్దినట్టు దిద్దాడు.

"వద్దు వ్లాదిమిర్. ఐదూ న్యాయంగానే పోయాయి."

"పిచ్చిదానివా?"

"పాసయ్యాను కదా," అంది నెయ్దా. నవ్వబోతే ఏడుపొచ్చింది, కోటు చేత్తోనే తుడుచుకుంది. రామిరో ఇంకా కిటికీ దగ్గరే ఉన్నాడు. అతని దాకా నడిచి వెళ్లి, "థాంక్స్ సార్. ఆ ఐదు తీసినందుకు," అంది.

వెటకారమేమోనని అతను ఆమె మొహంలోకి చూశాడు. ఆమె అన్నది మాత్రం మనసారానే.